జాబ్ కార్డును ఎప్పుడు వదలాలి: మెషీన్ షాపులో ఆర్డర్ రిలీజ్‌పై నా అనుభవం

మేము చేసేది పూర్తిగా ఆర్డరు మీద నడిచే మెషీనింగ్ పని. షాఫ్టులు, హౌసింగులు, ఫ్లాంజులు, గేర్ బ్లాంకులు వంటి విడిభాగాలు తయారవుతాయి. ఒక ఆర్డరులో మూడు పీసులుంటే ఇంకో ఆర్డరులో మూడు వందలుంటాయి. ఒకటి టర్నింగ్‌తో మొదలై మిల్లింగ్ మీదుగా గ్రైండింగ్‌కు పోతుంది, మరొకటి నేరుగా మిల్లింగ్‌కు వెళ్లి డ్రిల్లింగ్‌తో ముగుస్తుంది. ఇలాంటి షాపులో ప్రొడక్షన్ ప్లానింగ్ బాధ్యత నాకు వచ్చేనాటికి ఆర్డర్ రిలీజ్, అంటే ఒక ఆర్డరును మెషీన్లున్న ఫ్లోరు మీదికి ఎప్పుడు వదలాలన్నది, ఒక నిర్ణయమన్న భావనే ఎవరికీ లేదు. డ్రాయింగు సిద్ధమై, మెటీరియల్ స్టోర్సుకు చేరిందంటే చాలు, జాబ్ కార్డు (ఆ ఆర్డరులో చేయాల్సిన పనుల కాగితం) ప్రింటై అదే రోజు ఫ్లోరు మీదికి వెళ్లిపోయేది. ప్లానింగ్ అంటే ఆ తర్వాత మొదలయ్యే వెతుకులాట అని, ఏ ఆర్డరు ఎక్కడ ఆగిందో కనుక్కుని ముందుకు తోయించడమని అందరూ అనుకునేవారు.

ఆ అలవాటు వెనుక ఒక బలమైన నమ్మకం ఉంది: పని ఎంత త్వరగా ఫ్లోరు మీదికి వెళితే అంత త్వరగా పూర్తవుతుందని. వినడానికి ఇది కాదనలేని మాటలా ఉంటుంది. అయితే ఫ్లోరు మీద కనిపించేది వేరు. ప్రతి మెషీను ముందూ ట్రాలీలు నిండి ఉండేవి, నడవాల్లో పాలెట్లు పేర్చి ఉండేవి, సగం ట్రాలీల మీద ఎర్ర ‘అర్జెంటు’ స్టిక్కర్లు ఉండేవి. అన్నీ అర్జెంటే అయినప్పుడు ఆపరేటరు తనకు తోచిన క్రమంలో, అంటే సెటప్ (మెషీనును ఆ పనికి సిద్ధం చేయడం) కలిసొచ్చే క్రమంలోనో సులువైనది ముందుగానో పని తీసుకునేవాడు. అందులో అతని తప్పేమీ లేదు. అతని ముందు ఇరవై ట్రాలీలు పెట్టి సరైనదాన్ని ఎంచుకొమ్మనడమే అన్యాయం.

మార్పు ఎందుకు అవసరమో మా వాళ్లకు వివరించడానికి నేను ఆధారపడింది లిటిల్ సూత్రం మీద. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన ఈ సూత్రం ప్రకారం, నిలకడగా నడుస్తున్న ఏ వ్యవస్థలోనైనా లోపల ఉన్న పనుల సగటు సంఖ్య, పనులు వచ్చే సగటు వేగాన్ని ఒక్కొక్క పని లోపల గడిపే సగటు కాలంతో గుణిస్తే వచ్చే దానికి సమానం. ఉదాహరణకు ఒక షాపు రోజుకు ఎనిమిది ఆర్డర్లు పూర్తి చేస్తూ, ఫ్లోరు మీద 240 ఆర్డర్లు ఉంచుకుంటే, ఒక ఆర్డరు సగటున 30 పనిదినాలు ఫ్లోరు మీద గడుపుతుంది. పూర్తయ్యే వేగం అలాగే ఉండి ఫ్లోరు మీది ఆర్డర్లు 120కి తగ్గితే, ఆ కాలం 15 రోజులవుతుంది. అందరూ వేగంగా పనిచేయాలనో, కొత్త మెషీను కొనాలనో ఈ లెక్క కోరదు. మెషీన్లకు చేతినిండా పని ఉన్నంతవరకు, అంతకు మించి ఫ్లోరు మీద పెట్టిన ప్రతి ఆర్డరూ మిగతా ఆర్డర్ల నిరీక్షణను పెంచడం తప్ప మరేమీ చేయదని మాత్రమే చెబుతుంది.

దీనికి తోడు మరొక విషవలయం కూడా మా దగ్గర స్పష్టంగా కనిపించేది. ఆర్డర్లు ఆలస్యమవుతున్నాయని అమ్మకాల విభాగం లీడ్ టైమ్‌ను, అంటే ఆర్డరు తీసుకున్నప్పటి నుంచి డెలివరీ వరకు అనుకునే గడువును, పెంచమనేది. లీడ్ టైమ్ పెంచగానే, డెలివరీ తేదీ నుంచి వెనక్కి లెక్కించే ప్లానింగ్‌లో మరిన్ని ఆర్డర్లు ‘ఇప్పుడే మొదలుపెట్టాలి’ అన్న గీత దాటి వచ్చేవి. అవన్నీ ఫ్లోరు మీదికి వెళ్లేవి, క్యూలు పెరిగేవి, ఆలస్యం ఇంకా పెరిగేది. పరిశోధకులు దీనికి లీడ్ టైమ్ సిండ్రోమ్ అనే పేరు పెట్టారు. ఒక ఆర్డరు మీద మెషీను నిజంగా పనిచేసే సమయం గంటల్లో ఉంటే, అది ఫ్లోరు మీద గడిపే కాలం వారాల్లో ఉంటుంది. మధ్యలో ఉన్నదంతా క్యూలో నిలబడే సమయమే. ఆ క్యూను పెంచింది మన రిలీజే గనుక, తగ్గించగలిగేదీ మన రిలీజే.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఒక షాపు ఎంత పూర్తి చేయగలదో అంతకు మించి దానిలోకి పంపకూడదన్న ఇన్‌పుట్-అవుట్‌పుట్ నియంత్రణను ఆలివర్ వైట్ 1970లోనే ప్రతిపాదించారు. జర్మనీలోని హానోవర్‌లో బెక్టె, వీన్‌డాల్ షాపును ఒక గరాటుగా ఊహించి, లోడును, అంటే మెషీన్లకు ఉన్న పని గంటలను, బట్టి ఆర్డర్లను వదిలే పద్ధతిని రూపొందించారు. ఇంగ్లండులో లాంకాస్టర్, నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ పరిశోధకులు ఇలాంటి ఆలోచననే వర్క్‌లోడ్ కంట్రోల్ పేరుతో ఆర్డరు మీద తయారుచేసే చిన్న సంస్థలకు తగినట్లు పెంచుకుంటూ వచ్చారు. 1990లో స్పియర్‌మన్, వుడ్రఫ్, హాప్ ప్రతిపాదించిన కాన్‌విప్ మరింత సరళమైనది. ఫ్లోరు మీద మొత్తం ఆర్డర్ల సంఖ్యకు ఒక హద్దు పెట్టి, ఒకటి బయటికి వస్తేనే మరొకటి లోపలికి పంపుతుంది. నేను మొదట పరిశీలించింది దీన్నే. కానీ మా షాపులో మూడు పీసుల ఆర్డరునూ మూడు వందల పీసుల ఆర్డరునూ ఒకటే అని లెక్కపెట్టలేము. దారులు కూడా వేర్వేరు కావడం వల్ల మొత్తం సంఖ్య హద్దులోనే ఉన్నా అంతా గ్రైండింగ్ ముందే పోగుపడవచ్చు. అందుకని ప్రతి వర్క్ సెంటరుకూ (టర్నింగ్, మిల్లింగ్ వంటి ఒక్కొక్క మెషీన్ల విభాగానికి) గంటల్లో హద్దు పెట్టే వర్క్‌లోడ్ కంట్రోల్‌నే ఎంచుకున్నాము.

మేము చేసిన మొదటి పని జాబ్ కార్డుల ప్రయాణాన్ని ఆపడం. సిద్ధమైన ఆర్డరు ఇక ఫ్లోరుకు వెళ్లదు, ప్లానింగ్ గదిలోని పూల్‌కు, అంటే ఇంకా వదలని కార్డుల నిల్వకు, చేరుతుంది. ప్రతి ఉదయం పూల్‌లోని ఆర్డర్లను, డెలివరీ తేదీ నుంచి ఒక్కొక్క ఆపరేషనుకు కొంత సమయం చొప్పున వెనక్కి లెక్కించి, ఏది ముందుగా మొదలు కావాలో ఆ వరుసలో పేరుస్తాము. ఆ వరుసలో పైనుంచి ఒక్కొక్క ఆర్డరు తీసుకుని, దాన్ని వదిలితే ఏ వర్క్ సెంటరు లోడైనా హద్దు దాటుతుందా అని చూస్తాము. దాటకపోతే కార్డు ఫ్లోరుకు వెళ్తుంది. ఒక్క చోట దాటినా పూల్‌లోనే ఉండి, తర్వాతి ఆర్డరు పరీక్షకు వస్తుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఈ రోజు వదిలిన ఆర్డరు గ్రైండింగ్‌కు చేరడానికి చాలా రోజులు పట్టవచ్చు. దాని గ్రైండింగ్ గంటలన్నీ ఇవాళే గ్రైండింగ్ ఖాతాలో వేస్తే, మెషీను ముందు ఏమీ లేకపోయినా లెక్కలో లోడు నిండిపోయినట్లు కనిపిస్తుంది. గ్రోనింగెన్ పరిశోధకులు సూచించిన పరిష్కారం మాకు బాగా పనికొచ్చింది. ఆపరేషను సమయాన్ని ఆ ఆర్డరు దారిలో దాని వరుస సంఖ్యతో భాగించి, వచ్చినదాన్నే ఆ వర్క్ సెంటరు ఖాతాలో వేయాలి. ఒక షాఫ్టు ఆర్డరుకు టర్నింగ్ నాలుగు గంటలు, మిల్లింగ్ ఆరు గంటలు, గ్రైండింగ్ మూడు గంటలు అనుకుందాం. టర్నింగ్ మొదటిది గనుక నాలుగు గంటలూ దాని ఖాతాకు వెళ్తాయి. మిల్లింగ్ రెండోది గనుక మూడు, గ్రైండింగ్ మూడోది గనుక ఒకటి. ప్రతి సెంటరుకు హద్దు 20 గంటలని, టర్నింగ్‌లో ఇప్పటికే 15, మిల్లింగ్‌లో 18, గ్రైండింగ్‌లో 12 గంటల లోడు ఉందని అనుకుంటే, ఈ ఆర్డరుతో టర్నింగ్ 19, గ్రైండింగ్ 13 అవుతాయి గానీ మిల్లింగ్ 21 అవుతుంది. కాబట్టి కార్డు ఆగుతుంది. టర్నింగ్ ఆపరేటరు దగ్గర చోటు ఉన్నా సరే, అక్కడ పూర్తయిన షాఫ్టులు మిల్లింగ్ ముందు నిలబడటానికే వెళ్తాయి గనుక తొందరపడటంలో ప్రయోజనం లేదు. ఒక్కసారి ఇలా కాగితం మీద చేసి చూపిస్తే ఇంజినీరు కానివారికి కూడా వెంటనే అర్థమయ్యేది.

హద్దులు ఎంత ఉండాలో చెప్పే సూత్రమేదీ నా దగ్గర లేదు, ఉంటుందని కూడా నేను అనుకోను. అప్పటికి ఫ్లోరు మీద ఉన్న లోడునే మొదటి హద్దుగా పెట్టి, అంటే తొలిరోజు ఎవరికీ ఏ తేడా తెలియకుండా చేసి, తర్వాత కొద్దికొద్దిగా బిగిస్తూ వచ్చాము. ఏ సెంటరులోనైనా పని లేక మెషీను ఆగడం మొదలైతే అక్కడ బిగించడం ఆపేయాలి. ఈ నిదానం సాంకేతికంగా ఎంత అవసరమో, మనుషుల విషయంలో అంతకన్నా ఎక్కువ అవసరం.

ఎందుకంటే అసలు ప్రతిఘటన లెక్కల మీద కాదు, ఖాళీ కనిపించడం మీద వస్తుంది. టర్నింగ్ సెక్షన్ సూపర్‌వైజరు ఒకరోజు ప్లానింగ్ గదికి వచ్చి నేరుగా చెప్పారు: “మెషీను ముందు పని కనిపించకపోతే జీఎం గారు అడిగేది నన్నండీ, మిమ్మల్ని కాదు. కార్డులు మీ దగ్గర ఉంచుకుని నన్ను జవాబు చెప్పమంటే ఎలా?” ఆయన మాటలో పూర్తి న్యాయముంది. ఆయన పనితీరును మెషీను నడిచిన గంటలతో కొలుస్తూ, ముందు క్యూ తగ్గించమని అడగడం ఆయన మీద భారం మోపడమే. దీనికి రెండు పనులు చేశాము. మొదటిది, పూల్‌ను అందరికీ కనిపించే బోర్డు మీద పెట్టాము. తన సెక్షనుకు రాబోయే పని ఎంత ఉందో ఆయనకు ఎప్పుడూ తెలుస్తుంది, అది ట్రాలీల రూపంలో కాక కార్డుల రూపంలో ఉంటుంది, అంతే. రెండోది, సెక్షన్ల వారీగా మెషీను గంటలకు బదులు, ఆర్డర్లు అనుకున్న తేదీకి ఆ సెక్షను దాటుతున్నాయా లేదా అన్నది సమీక్షలో ముందుకు తెచ్చాము. ఈ రెండో మార్పుకు యాజమాన్యాన్ని ఒప్పించడానికే నాకు అన్నిటికన్నా ఎక్కువ ఓపిక అవసరమైంది.

ఆయన భయానికి పద్ధతిలోనే ఒక సమాధానం కూడా ఉంది. పూల్‌లో పని ఉండగా, హద్దుల వల్ల అది రాక మెషీను ఖాళీగా నిలబడటం నిజంగా నష్టమే. అందుకే ఉదయపు రిలీజ్‌తో పాటు ఒక మినహాయింపు ఉంచాము. రోజులో ఏ సమయంలోనైనా ఒక సెంటరు ముందు పని పూర్తిగా అయిపోతే, ఆ సెంటరులోనే మొదటి ఆపరేషను ఉన్న ఆర్డరును, మిగతా చోట్ల హద్దులు చూడకుండా, పూల్ వరుసలో ముందున్నదాన్ని వెంటనే వదులుతాము. సూపర్‌వైజరు ఫోను చేస్తే చాలు. ఈ ఫోను హక్కు ఇచ్చిన తర్వాత ఆయన అభ్యంతరం క్రమంగా సద్దుమణిగింది.

పూల్‌లో ఆర్డరు ఉండటం వృథా నిరీక్షణ అనుకునేవారికి నేను చెప్పేది ఒక్కటే: అక్కడ ఉన్నంతసేపూ ఏ మార్పుకూ ఖర్చు లేదు. కస్టమరు డ్రాయింగు రివిజన్ పంపితే కార్డుకు జత చేసిన కాగితం మారుతుంది, అంతే. అదే ఆర్డరు ఫ్లోరు మీద ఉంటే సగం పీసులు పాత డ్రాయింగు ప్రకారం టర్నింగ్ అయి ఉంటాయి, వాటిని రీవర్క్ చేయాలి లేదా స్క్రాప్‌లో వేయాలి. ఆర్డరు వాయిదా పడితే, ఇంకా కోయని బార్‌ను మరో ఆర్డరుకు వాడుకోవచ్చు. కోసిన బార్‌ను వాడలేము. పరిమాణం తగ్గినా పెరిగినా అంతే. కస్టమర్లు మనసు మార్చుకోవడం మనం ఆపలేము గానీ, ఆ మార్పు ఇనుము మీద పడాలా కాగితం మీద పడాలా అన్నది మాత్రం మన చేతుల్లో ఉంటుంది.

సెటప్‌ల విషయం కొంచెం సున్నితమైనది. ముందు క్యూ పెద్దగా ఉన్నప్పుడు ఆపరేటరు ఒకే చక్‌తో (పీసును పట్టుకునే బిగింపు), ఒకే టూలింగ్‌తో అయ్యే ఆర్డర్లను కలిపి చేసేవాడు. క్యూ చిన్నదైతే ఆ వెసులుబాటు తగ్గుతుంది, కెపాసిటీ నిజంగానే కొంత పోతుంది. మా గ్రైండింగ్ ఆపరేటరు, ఎంతో అనుభవమున్న మనిషి, ఇది ముందే గుర్తించి ఒక సూచన చేశారు. ఒకే వ్యాసం గల బోర్ ఆర్డర్లు పూల్‌లో ఉంటే వాటిని పక్కపక్కనే వదలమన్నారు. అలా, గతంలో ఫ్లోరు మీద జరిగిన కలపడాన్ని రిలీజ్ దగ్గరికి తెచ్చాము. తేదీలు మరీ దూరంగా లేనప్పుడు మాత్రమే ఇది చేస్తాము, లేకపోతే సెటప్ పేరుతో పాత అలవాటే తిరిగి వస్తుంది.

ఈ పద్ధతికి ఊపిరి సమాచారం. ఆపరేషను పూర్తయితేనే దాని గంటలు లోడు ఖాతా నుంచి తొలగుతాయి. షిఫ్టు చివర అన్నీ ఒకేసారి నమోదు చేసే షాపులో లోడు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది, రిలీజ్ అనవసరంగా ఆగుతుంది. పూర్తయిన వెంటనే కార్డును స్కాన్ చేయడం అలవాటయ్యే వరకు లెక్క మీద నమ్మకం కుదరదు. ఆపరేషను సమయాలు మాత్రం నిమిషాలతో సహా కచ్చితంగా ఉండనక్కరలేదు. ఒక ఆర్డరుకు ఎక్కువ వేసినా మరొకదానికి తక్కువ వేసి ఉంటాము గనుక మొత్తం మీద సర్దుకుంటుంది. అన్నిటికీ ఒకే దిక్కుగా తప్పు ఉంటేనే ప్రమాదం.

హద్దులు బిగించేకొద్దీ పెద్ద ఆర్డర్లు ఇబ్బంది పడతాయి. ముప్ఫై గంటల మిల్లింగ్‌తో మొదలయ్యే ఆర్డరు ఇరవై గంటల హద్దులో ఎప్పటికీ ఇమడదు, దాని పక్కనుంచి చిన్నవి దూరిపోతూ ఉంటాయి. మేము అలాంటివాటిని రెండు మూడు లాట్లుగా విడగొట్టి వదులుతాము. విడగొట్టడం కుదరని ఆర్డరు తన మొదలుపెట్టే తేదీ దాటితే హద్దు చూడకుండా వదిలేస్తాము.

ఇంతకన్నా మౌలికమైన ప్రశ్న ఒకటుంది, దీన్ని దాచకూడదు. ఫ్లోరు మీది కాలం తగ్గింది సరే, పూల్‌లో నిలబడిన కాలాన్ని కలిపితే మొత్తం తగ్గిందా? కంప్యూటర్ సిమ్యులేషన్లలో, రిలీజ్‌ను నియంత్రిస్తే పూల్‌తో కలిపిన మొత్తం కాలం తగ్గకపోగా పెరిగిన సందర్భాలు చాలానే నమోదయ్యాయి. అమలు చేసిన షాపులు మాత్రం మేలు జరిగిందని చెబుతూ వచ్చాయి. పరిశోధకులు దీన్ని వర్క్‌లోడ్ కంట్రోల్ విరోధాభాసం అంటారు. మా షాపును బట్టి నాకు తోచిన వివరణ ఏమిటంటే, సిమ్యులేషన్‌లోని మెషీను తన ముందు ఎన్ని ట్రాలీలున్నా తికమకపడదు, దేనికోసమూ వెతకదు, పోగొట్టుకోదు, అర్జెంటు కోసం సగంలో సెటప్ విప్పదు. మనుషులున్న ఫ్లోరు అలా ఉండదు. క్యూలు తగ్గాక మా దగ్గర ట్రాలీల కోసం వెతకడం దాదాపు లేకుండా పోయింది. గ్రైండింగ్‌లో వీల్ డ్రెస్సింగ్ (అరిగిన గ్రైండింగ్ చక్రాన్ని మళ్లీ సరిచేయడం) సరిగా లేక వస్తున్న లోపం కూడా, పీసులు వందల్లో పోగుపడకముందే తనిఖీలో దొరకసాగింది. ఈ మేళ్లు అలాంటి సిమ్యులేషన్ల లెక్కలో కనిపించవు.

రిలీజ్ నియంత్రణ చేయలేనిది కూడా ఒకటుంది: లేని కెపాసిటీని అది పుట్టించలేదు. కింగ్‌మన్ 1961లో ఇచ్చిన సూత్రం ప్రకారం క్యూలో నిరీక్షణ, మెషీను ఎంత శాతం సమయం పనిలో ఉంటుందో ఆ భాగాన్ని మిగిలిన ఖాళీ భాగంతో భాగిస్తే వచ్చే సంఖ్యతో పాటు పెరుగుతుంది. 80 శాతం దగ్గర ఆ సంఖ్య నాలుగు, 90 దగ్గర తొమ్మిది, 95 దగ్గర పంతొమ్మిది. వచ్చే పని చేయగలిగే పనికి అంత దగ్గరగా ఉంటే నిరీక్షణ ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుంది, ఫ్లోరు మీద కాకపోతే పూల్‌లో. అయితే పూల్‌లో ఉంటే అది ముందుగా కనిపిస్తుంది. మిల్లింగ్ హద్దు వల్ల ఆగిన కార్డులు వరుసగా పెరుగుతుంటే, ఆ సెంటరుకు ఓవర్‌టైమ్ పెట్టాలా, డ్రిల్లింగ్ నుంచి మిల్లింగ్ తెలిసిన ఆపరేటరును మార్చాలా, కొంత పని బయటికి ఇవ్వాలా అన్నది ఆలస్యం కాకముందే తేల్చుకోవచ్చు. గతంలో ఇవే నిర్ణయాలు కస్టమరు ఫోను చేసిన తర్వాత జరిగేవి.

ఆ దిశగానే మేము మరో అడుగు వెనక్కి వెళ్లి, కొటేషన్ దశలో తేదీ చెప్పే పద్ధతిని కూడా దీనికి ముడిపెట్టాము. అమ్మకాల విభాగం ఇప్పుడు అందరికీ ఒకే లీడ్ టైమ్ చెప్పదు. ఫ్లోరు మీది లోడు, పూల్‌లోని లోడు, ఖరారు కాబోతున్న ఆర్డర్ల లోడు కలిపి, ఈ ఆర్డరు వెళ్లే సెంటర్లలో చోటు ఎప్పుడు దొరుకుతుందో చూసి తేదీ ఇస్తుంది. టర్నింగ్, డ్రిల్లింగ్‌తో ముగిసే సాదా ఆర్డరుకు దగ్గరి తేదీ ఇవ్వగలుగుతున్నాము, గ్రైండింగ్ నిండి ఉన్నప్పుడు అటు వెళ్లే ఆర్డరుకు దూరపు తేదీనే నిజాయితీగా చెబుతున్నాము.

మాకు ఇంకా పూర్తిగా కుదరనిది అసెంబ్లీ ఆర్డర్ల రిలీజ్. ఒక గేర్ బాక్సుకు హౌసింగు, షాఫ్టులు, కవరు వేర్వేరు దారుల్లో వస్తాయి, నాలుగు సిద్ధమై ఒకటి రాకపోతే ఆ నాలుగూ నిలబడే ఉంటాయి. విడివిడిగా ప్రతి కార్డునూ హద్దుల ప్రకారం పరీక్షిస్తే, తేలికైన కవరు ముందే వెళ్లిపోయి, బరువైన హౌసింగు పూల్‌లో మిగులుతుంది. ప్రస్తుతం హౌసింగుకు చోటు దొరికిన రోజునే దాని సెట్టులోని మిగతా కార్డుల మొదలుపెట్టే తేదీలను లెక్కించి, అంతవరకు వాటిని పూల్ వరుసలోకి రానివ్వకుండా ఉంచుతున్నాము. హీట్ ట్రీట్‌మెంట్‌కు వెళ్లే గేర్లున్న సెట్లలో ఫర్నేసు బ్యాచి నిండే రోజు కూడా ఈ లెక్కలో చేరాలి. దాని మీదే ఇప్పుడు గ్రైండింగ్, హీట్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్లతో కలిసి పనిచేస్తున్నాము.